పెద్దమ్మ చిట్టా పుస్తకంతో పది రోజులు

మా పెద్దమ్మ పోయి మాఘమాసానికి ఏడాదైంది. సంవత్సరీకం అయిన మర్నాడు అన్న ట్రంకుపెట్టె తెరిచి, "పాపా, ఇది నీకే ఇమ్మనింది అమ్మ" అంటూ ఒక పొడుగాటి చిట్టా పుస్తకం నా చేతిలో పెట్టాడు. ఎర్ర గుడ్డ అట్ట, మూలలు అరిగిపోయి దారాలు బయటికొచ్చాయి. అది పెదనాన్న కిరాణా కొట్టు లెక్కల పుస్తకం. ముందు నుంచి తిప్పితే బెల్లం, చింతపండు, కందిపప్పు అప్పులు. తిరగేసి వెనక నుంచి తిప్పితే పెద్దమ్మ పాటలు, పాట పక్కనే చుక్కల ముగ్గులు, ముగ్గు పక్కనే కొండకి సేవకి వెళ్ళిన తేదీలు.

ముప్పై నాలుగేళ్ళకే పెదనాన్న పోతే ఆ కొట్టు నడిపి ఇద్దరు పిల్లల్ని చదివించింది. పొద్దున నాలుగింటికి లేచి రాసుకునేది. పండక్కి వీధంతా ముగ్గులేసేది, గుడిలో భజనకి పాటలు కట్టేది, తీరిక దొరికితే కొండకి శ్రీవారి సేవకి పోయేది. పుస్తకంలో తేదీలు లెక్కపెడితే పదకొండు సార్లు వెళ్ళింది. అయినా మా బంధువుల్లో ఎవరూ ఆమెని రచయిత్రి అనలేదు. "దానికి రాతల పిచ్చి" అన్నారు, అంతే. ఒకసారి అరవై పాటలు నీటుగా తిరగరాసి పుస్తకం వేయించుకుందామని ఒక ప్రెస్సుకి ఇచ్చింది. అడ్వాన్సు తీసుకున్నారు, ఇదిగో అదిగో అన్నారు, చివరికి రాతప్రతి కనపడట్లేదన్నారు. అప్పట్నుంచి ఆమె ఒక్క పాట కూడా మళ్ళీ నీటుగా రాయలేదు. ఈ విషయం గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. మిగిలింది ఈ చిట్టా ఒక్కటే.

అందుకే అనుకున్నాను, ఆమె ఇష్టంగా వెళ్ళిన చోట్లకి ఈ పుస్తకం పట్టుకుని వెళ్ళాలని, చివర్లో ఆమె పన్నెండోసారి చెయ్యాల్సిన సేవ నేను చెయ్యాలని. మా చిత్తూరు వీధిలో ఆడవాళ్ళం పదిమందిమి కలిసి ముందే పేర్లు ఇచ్చుకున్నాం. వాళ్ళు నేరుగా కొండకే వస్తామన్నారు, నేను మూడు రోజులు ముందు బయలుదేరాను.

మొదటి రోజు, తరిగొండ

చిత్తూరులో పొద్దున బస్సెక్కి పీలేరులో దిగి, ఇంకో బస్సు పట్టుకుని కలికిరి మీదుగా వాయల్పాడు. అక్కడి నుంచి తరిగొండకి ఆటో. దారంతా టమాటా తోటలు, బుట్టలు మోసే ఆడవాళ్ళు, దూరంగా గుర్రంకొండ. ఆటోలో నా పక్కన కూర్చున్న అవ్వ "యాన్నుంచి వస్తా ఉండావమ్మా?" అని అడిగింది. చిత్తూరు నుంచి, పాటలు, పద్యాలు రాసిన వెంగమాంబ ఊరు చూద్దామని అన్నాను. "మా తరిగొండమ్మ కోసరం వచ్చినావా! అయితే ముందు గుడికి పో, తర్వాత మా ఇంటికొచ్చి మజ్జిగ తాగి పో" అంది. రెండు వందల ఏళ్ళ కింద పోయిన మనిషిని "మా తరిగొండమ్మ" అని ఇంట్లో మనిషిలా అనడం వింటే ఒళ్ళు ఝల్లుమంది.

ఈ ఊరి పేరు గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది. పెరుగు చిలికే తరికుండలో నరసింహస్వామి దొరికాడట, తరికుండ కాస్తా తరిగొండ అయిందట. ఆ స్వామి ఊళ్ళోనే వెంగమాంబ పెరిగింది. 1730లో పుట్టింది. చిన్నప్పుడే పెళ్ళి చేశారు, ఆ భర్త త్వరగానే పోయాడు. వేంకటేశ్వరుడే నా భర్త అని ఆమె బొట్టు, పూలు తియ్యనంది. ఆ రోజుల్లో ఆ మాట అన్నందుకు ఊళ్ళో ఎన్ని మాటలు పడి ఉంటుందో మనం ఊహించుకోవాల్సిందే. మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికుల దగ్గర ఉపదేశం తీసుకుంది. గుడిలో ఆంజనేయస్వామి విగ్రహం వెనక ఎవరికీ కనపడకుండా కూర్చుని ధ్యానం చేసుకునేదని చెబుతారు.

నేను కూడా వెళ్ళి ఆంజనేయస్వామి ముందు చాలాసేపు నిలబడ్డాను. ఒక ఆడపిల్ల తనకంటూ కాస్త చోటు వెతుక్కుంటే దొరికింది అదా, దేవుడి వెనక నీడా అనిపించి కళ్ళు చెమర్చాయి. మా పెద్దమ్మకి దొరికింది కొట్లో బియ్యం మూటల వెనక చోటు.

బొట్టు మాటకొస్తే ఇంకోటి చెప్పాలి. పెదనాన్న పోయాక పదో రోజున పెద్దవాళ్ళు కూర్చుని అది తియ్యాలి, ఇది తియ్యాలి అంటుంటే పెద్దమ్మ ఒకటే అడిగిందంట: "మన తరిగొండమ్మ తీసిందా?" ఎవరూ నోరెత్తలేదు. చివరిదాకా ఆమె నుదుట చిన్న బొట్టు ఉండింది. మా అమ్మ ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో. కానీ ఆ గుడిలో నిలబడితేనే, పుస్తకం వేసుకున్నవాళ్ళకీ వేసుకోలేనివాళ్ళకీ కూడా ముందు నడిచిన మనిషి ఒకరుండడం ఎంత ధైర్యమో నాకు తెలిసొచ్చింది.

వెంగమాంబ బడికి పోయి ఓనమాలు దిద్దుకోలేదని తనే రాసుకుంది. అలాంటి మనిషి ఇక్కడ ఉండగానే నృసింహ శతకం రాసింది, శివ నాటకం, బాలకృష్ణ నాటకం అని యక్షగానాలు రాసింది, రాజయోగామృతసారం ద్విపదలో రాసింది. ద్విపద అంటే రెండేసి పాదాలు, నోటికి తేలిగ్గా వస్తుంది, రోట్లో పిండి రుబ్బుకుంటూ కూడా పాడుకోవచ్చు. చదువురాని ఆడవాళ్ళకి కూడా అందాలనే ఆమె ద్విపద ఎంచుకుందేమో అని నాకు అనిపిస్తుంది.

అవ్వ ఇంట్లో మజ్జిగ తాగాను. చిట్టా చూపిస్తే ఆమెకి చదవడం రాదు గానీ ముగ్గుల మీద వేలు పెట్టి "ఇది ఏడు చుక్కలది, నాకొచ్చు" అంటూ గాల్లోనే గీసి చూపించింది. సాయంత్రం తిరుపతి బస్సు భాకరాపేట ఘాట్ దగ్గర ఆగిపోయి గంటన్నర కూర్చోబెట్టింది. రూముకి చేరేసరికి రాత్రి పదయింది.

రెండో రోజు, శ్రీకాళహస్తి

శివరాత్రి దగ్గర పడుతోంది, ఊరంతా పందిళ్ళు వేస్తున్నారు. వాయులింగ దర్శనం తొందరగానే అయింది. నేను వచ్చింది కలంకారీ కోసం. పెద్దమ్మ ఇక్కడ ఒక కళాకారిణి ఇంట్లో ఒకప్పుడు నెలరోజులు ఉండి నేర్చుకుందని చిట్టాలో రాసుకుంది. ఆ ఇల్లు ఎక్కడో తెలియదు, అందుకని సన్నిధి వీధి నుంచి అడుక్కుంటూ పోతే ఒకావిడ ఇంటి వసారాలో గుడ్డ పరుచుకుని గీస్తూ కనిపించింది. "కూచ్చోండక్కా, మాట్లాడతా గీస్తా, నాకేం అడ్డం లేదు" అంది.

గంటన్నర ఆమె చెయ్యే చూస్తూ కూర్చున్నాను. కలం అంటే ఒక వెదురు పుల్ల, కొన సన్నగా చెక్కి, కొంచెం పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగించారు. ఆ ఉన్ని రంగు తాగి ఉంటుంది. గీసేటప్పుడు దాన్ని వేళ్ళతో నొక్కితే రంగు కొనకి జారుతుంది. ఎంత నొక్కాలో ఆ వేళ్ళకే తెలియాలి, ఎక్కువైతే బొట్టు పడుతుంది, బొట్టు పడితే తుడపడం ఉండదు. గుడ్డని ముందే కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగుని పక్కకి పాకకుండా ఆపుతుంది. చింతపుల్ల బొగ్గుతో బొమ్మ తేలిగ్గా వేసుకుని, దానిమీద నలుపు గీస్తారు. ఆ నలుపుని కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి ఊరబెడితే వస్తుంది. కలం నుంచి దిగేటప్పుడు అది పలచగానే ఉంటుంది. కరక్కాయ ఎక్కిన గుడ్డకి తగిలాక, చూస్తుండగానే, నల్లబడుతుంది. ఆమె సీతమ్మ కన్ను గీసింది, కనుపాప మొదట గోధుమరంగులో ఉండి నా కళ్ళముందే నల్లగా అయింది. నేను ఊపిరి బిగబట్టి చూశాను.

ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్ళు పూసి తర్వాత చెక్కల నుంచి తీసిన రంగునీళ్ళలో ఉడకబెడతారు, పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. ఒక్కో రంగుకీ ఉతకాలి, ఆరెయ్యాలి. ఒకప్పుడు స్వర్ణముఖి పారే నీళ్ళలో ఉతికేవాళ్ళు, ఇప్పుడు ఏటికి నీళ్ళొచ్చే రోజులు తక్కువ, అదే తన పెద్ద టెన్షన్ అంది ఆవిడ.

ఈ పని ఒకప్పుడు దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చింది. 1950ల చివర్లో, దేశంలో చేతిపనుల్ని నిలబెట్టడానికి పనిచేసిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు, అక్కడ నేర్చుకున్నవాళ్ళ చేతుల మీదుగానే ఇది మళ్ళీ నిలబడింది. ఇక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు వీధుల్లో చూస్తే గీసేవాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమందో.

నాకు అన్నిటికంటే నచ్చింది బొమ్మల కింద రాసే తెలుగు. కాళహస్తి కలంకారీలో కథ నడిచే పటాలకి, ప్రతి వరస కిందా ఆ ఘట్టం ఏంటో తెలుగులో రాస్తారు. అదే కలం, అదే నలుపు, బొమ్మకీ అక్షరానికీ. పెద్దమ్మ చిట్టాలో పాట ఎక్కడ ఆగి ముగ్గు ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా ఎందుకుంటుందో నాకు అక్కడ అర్థమైంది. "మీ పెద్దమ్మ గీత బాగుండాదక్కా" అని ఆవిడ చిట్టా తిప్పి తిప్పి చూసి, ఒక పేజీ దగ్గర ఆగింది. "ఇదేంది, ఇట్లా అయింది?"

ఆ పేజీ మీదే నాకు బాధ. పెద్దమ్మ కట్టిన హారతి పాట అది. దీపం నూనె ఒలికి నాలుగో పాదం మీద పెద్ద మరక, ఇంకు కరిగి అలికినట్టయింది. మూడు పాదాలు మాత్రం ఇలా ఉన్నాయి:

కొండెక్కి వచ్చిన కాళ్ళకు హారతి
కుండెత్తి నీళ్ళిచ్చు చేతికి హారతి
వండి వడ్డించిన వేళ్ళకు హారతి

నాలుగోదానిలో చివరి "హారతి" ఒక్కటే కనిపిస్తుంది. ప్రాస చూస్తే రెండో అక్షరం "ండ" దగ్గరే ఉండాలి, అంతకుమించి ఏమీ తెలియదు. చిన్నప్పుడు ఆమె నోట విన్నాను, గుర్తులేదు. గుర్తులేదని చెప్పడానికే సిగ్గుగా ఉంది.

మూడో రోజు, నడకదారి

తిరుపతిలో ఎం.ఆర్.పల్లి కూడలి దగ్గర వెంగమాంబ విగ్రహానికి దండం పెట్టుకుని అలిపిరి వెళ్ళాను. 3,550 మెట్లు. మోకాళ్ళ నొప్పి ఉంది గానీ పెద్దమ్మ ప్రతిసారీ నడిచే ఎక్కిందని తేదీల పక్కన రాసి ఉంటే నేను బస్సెక్కడం ఎలా? నా ముందు ఒక కోడలు, అత్త. కోడలు ప్రతి మెట్టుకీ వంగి పసుపు రాసి కుంకుమ పెడుతోంది, అత్త వెనకాలే కర్పూరం వెలిగిస్తోంది. మోకాళ్ళ పర్వతం దగ్గర కోడలు నడుము పట్టుకుని నిలబడిపోతే అత్త పసుపు గిన్నె తీసుకుని "నువ్ కర్పూరం చూసుకోమే, ఈ నాలుగు మెట్లు నేను పెడతా" అని వంగింది. మధ్యాహ్నానికి పైకి చేరాను. మా వీధి వాళ్ళు అప్పటికే సేవా సదన్ దగ్గర నాకోసం చూస్తున్నారు.

నాలుగో రోజు నుంచి, సేవ

శ్రీవారి సేవ 2000లో మొదలైంది. ఏడు రోజులు ఉండి ఏ పని చెప్తే అది చెయ్యాలి. క్యూల దగ్గర, పూల దగ్గర, అన్నప్రసాదం దగ్గర, ఎక్కడ వేస్తారో వెళ్ళాకే తెలుస్తుంది. మాకు తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం పడింది. ఆ పేరు వినగానే నేను చిట్టాని గుండెకి హత్తుకున్నాను.

కొండమీద నిత్యాన్నదానం 1985లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది, రోజుకి రెండు వేల మందితో. ఈ భవనం 2011లో వచ్చింది. నాలుగు పెద్ద హాళ్ళు, ఒక్కోదాంట్లో వెయ్యి మంది ఒకేసారి కూర్చుంటారు. వెంగమాంబ పేరు ఊరికే పెట్టలేదు, నృసింహ జయంతి రోజుల్లో ఆమె కొండమీద యాత్రికులకి అన్నం, నీళ్ళు ఇచ్చేదంటారు.

మొదటి రెండు రోజులు వడ్డన. చక్కెర పొంగలి, అన్నం, సాంబారు, మజ్జిగ. వడ్డించేటప్పుడు తల ఎత్తడానికి వీలుండదు, చేతులే కనపడతాయి. గాజుల చేతులు, మట్టి పట్టిన చేతులు, మెహెందీ చేతులు, ఆకు మీద ముందుకి చాచిన పసిచేతులు. "వండి వడ్డించిన వేళ్ళకు" అని పెద్దమ్మ ఎందుకు రాసిందో మరి. వడ్డించే వేళ్ళ గురించి రాసిన మనిషి, తినే చేతుల్ని చూస్తూ రాసి ఉంటుంది. రాత్రికి కాళ్ళు వాచిపోయేవి, అయినా నిద్రపట్టేది కాదు, ఆ చేతులే కళ్ళముందు.

ఆరో రోజు మధ్యాహ్నం షిఫ్టు అయ్యాక వెంగమాంబ బృందావనానికి వెళ్ళాను. గుడికి ఉత్తరం వైపు, బడి ఆవరణలో ఉంది. 1817లో ఆమె ఇక్కడే సమాధి అయింది. తుంబురుకోనలో ఏళ్ళతరబడి తపస్సు చేసి తిరిగొచ్చి, మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, చెంచు నాటకం, ముక్తికాంతా విలాసం, ఇవన్నీ కొండమీద రాసినవే. అక్కడ పిల్లల అరుపులు వినపడుతున్నాయి, పక్కనే ఆడుకుంటున్నారు. ఓనమాలు దిద్దుకోలేదని చెప్పుకున్న మనిషి బడి పిల్లల మధ్య ఉంది. నేను చిట్టాని కాసేపు బృందావనం గట్టుమీద పెట్టాను.

రాత్రి స్వామిని నిద్రపుచ్చే ఏకాంతసేవలో తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి ముత్యాల హారతి అని ఇప్పటికీ జరుగుతుంది. పళ్ళెంలో ముత్యాలతో రోజుకొక అవతారం తీర్చి హారతి ఇస్తారు, ఆమె వంశంవాళ్ళ తరఫున. అది కళ్ళారా చూసే భాగ్యం నాకు రాలేదు. అయినా ఆ టైముకి మాడవీధిలో నిలబడి గోపురం వైపు చూస్తూ ఉండిపోయాను. అన్నమయ్య భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది కదా, ఆమె కూడా గుర్తొచ్చింది. ఆ పళ్ళెంలో హారతి ఇన్నేళ్ళు ఆగకుండా వెలగడానికి, ఎవరో ఒకరు ప్రతి రాత్రీ లేచి వెళ్ళాలి కదా. ముత్యాలు కూర్చాలి, పాట నోటికి రావాలి, రాకపోతే పక్కనున్నవాళ్ళు అందించాలి. మా పెద్దమ్మ పాటలకి అలా లేచి వెళ్ళే మనిషిని నేనెందుకు కాలేకపోయాను అని ఆ చలిలో చాలాసేపు నన్ను నేను అడుక్కున్నాను.

తొమ్మిదో రోజు

కూరగాయల దగ్గర వేశారు. దాతలు పంపిన గుమ్మడికాయలు, వంకాయలు గుట్టలుగా ఉన్నాయి. వందమంది దాకా ఆడవాళ్ళం కత్తిపీటలు, చాకులు పట్టుకుని వరసగా కూర్చున్నాం, ఎవరో గోవిందనామాలు అందుకుంటే అందరం అనేవాళ్ళం. నామాలు ఆగినప్పుడు నేను నాకు తెలియకుండానే పెద్దమ్మ హారతి పాడుకుంటున్నాను. కొండెక్కి వచ్చిన కాళ్ళకు హారతి, కుండెత్తి నీళ్ళిచ్చు చేతికి హారతి, వండి వడ్డించిన వేళ్ళకు హారతి. ఆగిపోయాను.

ఎదురు వరసలో గుమ్మడికాయ కోస్తున్న ఒక పెద్దావిడ తల ఎత్తకుండానే అందుకుంది:

"ఎండన పడి వచ్చు బిడ్డకు హారతి."

నా చేతిలో చాకు ఆగిపోయింది. "అమ్మా, ఈ పాట మీకెట్లా తెలుసు?" అని అడిగాను. "మాది మదనపల్లె. పదేండ్ల ముందు ఇక్కడే, ఇట్లే ఉర్లగడ్డలు కోస్తా ఉంటే వాయల్పాటి పక్క ఆమె ఒకామె నేర్పించింది. కొట్టు ఉండాదనింది వాళ్ళకి. పొడుగ్గా, ఇంత బొట్టు పెట్టుకుని ఉండేది" అంది, వేలికొస చూపించి. నాకు మాట రాలేదు. ఆమె మా పెద్దమ్మ అని చెప్పి, పోయిందని చెప్పేసరికి ఆవిడ కత్తి పక్కన పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "పోయిందా తల్లి" అని కాసేపు ఏమీ అనలేదు.

తర్వాత ఆమె పక్కనున్న ఇంకో ఆమె, వాళ్ళ బ్యాచే, "మేం అట్ల పాడం కదక్కా, మన గుళ్ళో 'పండిన చేనిచ్చు తల్లికి హారతి' అంటాం కదా" అంది. ఈమె కాదంది, ఆమె అవునంది. ఇద్దరూ పోట్లాడుకుంటుంటే నేను వింటూ ఏడుస్తున్నాను. మా ఇంట్లో ఎవరికీ పట్టని పాట మదనపల్లెలో ఒక గుళ్ళో పదేళ్ళుగా వారంవారం నడుస్తోంది. దాన్ని ఎవరు కట్టారో వాళ్ళకి తెలియదు, పేరు కూడా అడిగి ఉండరు, కానీ ఒక పాదం ఎలా ఉండాలో పోట్లాడేంత వాళ్ళదైపోయింది.

పెద్దమ్మ పేరు చెప్పాను. ఇద్దరూ రెండుసార్లు అని చూసుకున్నారు.

పదో రోజు

పొద్దున్నే దర్శనమైంది. గడప దగ్గర నిలబడింది రెండు క్షణాలే, ఏమీ అడగలేదు. బయటికొచ్చాక మదనపల్లె ఆవిడ బ్యాచ్ బస్సు కోసం బ్యాగులు సర్దుకుంటుంటే పరిగెత్తి వెళ్ళి చిట్టా ముందు పెట్టాను. "అమ్మా, మీరే రాయండి, మీ చేత్తోనే" అన్నాను. "నా రాత బాగుండదు మే" అంది. పర్లేదన్నాను. ఆవిడ బస్టాండు గట్టుమీద కూర్చుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, నూనె మరక పక్కన కాగితం ఇంకా తెల్లగా ఉన్న చోట, అక్షరం అక్షరం దిద్దినట్టు రాసింది. రెండో ఆమె కూడా పెన్ను లాక్కుని కింద తన పాదం రాసింది. ఆ తర్వాత ఇద్దరూ వాళ్ళ వీధి భజన వాళ్ళకి పంపాలని మిగతా పాటల పేజీలు ఒక్కొక్కటే ఫోనులో ఫోటోలు తీసుకున్నారు. నేను పేజీలు తిప్పి పట్టుకున్నాను. ఇరవై మూడో పేజీ దగ్గర బస్సొచ్చింది, డ్రైవరు హారన్ కొట్టాడు, "ఉండన్నా, ఇంకా ఉండాయి" అని అరిచింది పెద్దావిడ.